రింటౌల్ గారి దేహ పరీక్ష

(1847, జూలై. స్కాట్లండు తూర్పు తీరాన ఇన్వర్‌కార్నీ రేవు. పరస్పర జీవిత బీమా సంఘం మేడమీద, యువ డాక్టర్ కోలిన్ టార్విట్ గది. ఆయనకి ఎదురుగా పార్లమెంటు సభ్యుడు గిల్బర్ట్ రింటౌల్, పక్కన ఆయన అక్క గ్రిజెల్.)

"యాభై ఎనిమిది అని రాసుకోవయ్యా."

"అబద్ధం. యాభై తొమ్మిది. వచ్చే నెలకి అరవై."

"ఏదో ఒకటిలే అక్కా."

"ఏదో ఒకటి ఎలా అవుతుందిరా గిబ్? నువ్వు పుట్టిన ఏడు హెర్రింగ్ చేప రేవుకే రాలేదు. అమ్మకి పాలు పడక, నాలుగేళ్ళదాన్ని, నేను నిన్ను చంకనేసుకుని ఇల్లిల్లూ తిరిగాను. కోలిన్ నాయనా, యాభై తొమ్మిదని రాసుకో."

"రాశానమ్మా. రింటౌల్ గారూ, ఈ కాగితం మీద వయసు తప్పు చెబితే తర్వాత బీమా చెల్లదండీ. ఆ నియమం..."

"పద్ధెనిమిదో నియమం. నేను రాసిందేగా. నీకు గుర్తుందో లేదో చూద్దామని అలా అన్నాను."

"చూశావా నాయనా? దొరికిపోతే, పరీక్ష పెట్టానంటాడు. లండన్లోనూ ఇదే వరస అయ్యుంటుంది."

"అక్కా, నిన్ను సాక్ష్యం చెప్పడానికి తీసుకొచ్చాను. ప్రతిపక్షంలో కూర్చోడానికి కాదు."

"అసలు నన్నెందుకు లాక్కొచ్చావో చెప్పనేలేదు. పొయ్యి మీద మాంసం పులుసు పెట్టి వచ్చాను."

"కుటుంబంలో ఎవరు ఎలా పోయారని అడుగుతారు. అవన్నీ నీకు తెలిసినట్టు నాకు తెలియవు. అవునా డాక్టరూ?"

"ఆ... అవునండీ. అడగాలి."

"పద్ధెనిమిదేళ్ళు లేనిది ఇప్పుడేం ముంచుకొచ్చిందిరా బీమా?"

"శనివారం పేపరు చదవలేదూ? 'ఊరందరికీ వండి వడ్డించే వంటవాడు తన వంట తాను ముట్టుకోడు' అని రాశారు. సంఘం పెట్టినవాడే సంఘంలో సభ్యుడు కాడట. ఎన్నికలు మూడు వారాల్లో ఉన్నాయి."

"నిజమే కదా మరి."

"నిజమే. అందుకే కదా మంట. అరవై నిండితే ఇక చేర్చుకోరు. అదీ నేను రాసిందే."

"తరవాతది. వృత్తి?"

"జీనులు కుట్టేవాణ్ణి."

"పార్లమెంటు సభ్యుడని రాయద్దా అండీ?"

"అది వృత్తా? జీతం ఇస్తేనే వృత్తి. దానికి నేనే ఎదురు పెడుతున్నాను."

"కొట్టు అమ్మి మరీ పెట్టాడు. మా నాన్న జీనులు కుట్టి కుట్టి నిలబెట్టిన కొట్టు."

"అక్కా, అది ఫారంలో అడగలేదు."

"అడక్కపోయినా చెప్పాలి కదా. ఇల్లు అద్దెదని కూడా రాసుకో నాయనా."

"దానికి గడి లేదమ్మా. పొద్దున్నే ఏం తీసుకుంటారు రింటౌల్ గారూ?"

"ఓట్ల జావ."

"ముప్పై ఏళ్ళ నించీ అదే. వాడు తినేదీ ఓట్లే, తిరిగేదీ ఓట్ల కోసమే. నిద్దట్లో కూడా ఓట్లే లెక్కపెడతాడు."

"మద్యం అలవాటు ఉందా అండీ?"

"ఎప్పుడన్నా. ఎవరన్నా బలవంతపెడితే."

"ఎవరు బలవంతపెడతారో అడుగు. రోజూ భోజనం కాగానే తనని తానే బలవంతపెట్టుకుంటాడు. పాపం, కాదనలేడు, మొహమాటస్తుడు."

"ఒక్క గ్లాసయ్యా, వేడినీళ్ళు కలుపుకుని. మందు అని రాసుకో, తాగుడు అని రాయకు."

"ఒక గ్లాసు అని రాస్తున్నానండీ. ఎముకలు ఎప్పుడైనా విరిగాయా?"

"పక్కటెముక ఒకటి. పద్ధెనిమిది వందల పదిహేడులో."

"ఎలా?"

"ప్రసంగం చేస్తూ."

"ప్రసంగం చేస్తే పక్కటెముక విరుగుతుందాండీ?"

"చేపల పీపా మీద నుంచుని చేస్తే విరుగుతుంది నాయనా. నువ్వింకా పుట్టలేదు. అప్పట్లో ఈ పట్నం కౌన్సిలుకి ఓట్లు గీట్లు లేవు. దిగిపోయే పెద్దలే రాబోయే పెద్దల్ని ఎంచుకునేవాళ్ళు. ఎవర్ని ఎంచుకునేవాళ్ళంటావ్?"

"వాళ్ళ బంధువుల్నా?"

"బంధువులు కూడానా? వాళ్ళని వాళ్ళే! కుడి జేబులోది ఎడమ జేబులోకి. ఇదేం పద్ధతి అని మావాడు రాజుగారికి ఒక అర్జీ రాశాడు. సంతరోజున రేవులో పీపా ఎక్కి అందరికీ చదివాడు. 'అయ్యలారా, ఈ కౌన్సిలుకి కింద ఆధారమన్నదే లేదు' అన్నాడో లేదో..."

"మూత విరిగింది."

"నడుందాకా ఉప్పు నీళ్ళలోకి దిగబడ్డాడు. జనం ఒకటే నవ్వు. చెయ్యి మాత్రం పైకెత్తి పట్టుకున్నాడు, అర్జీ తడవకుండా."

"చదవడం ఆపలేదని కూడా చెప్పవే."

"ఆపలేదు. అది నిజం. పీపాలో నుంచునే ఆఖరి ముక్కదాకా చదివాడు. సగం దాకా నవ్వినవాళ్ళు సగం తరవాత నవ్వలేదు. అప్పుడే కౌన్సిలు మనుషులొచ్చి పీపాతో సహా జైలుకి దొర్లించుకుపోయారు."

"దొర్లించలేదయ్యా, నడిపించారు. అక్క చెబితే ఏదైనా దొర్లుతుంది."

"ఎన్నాళ్ళు ఉంచారండీ?"

"పదకొండు రోజులు. ఇంకా ఉంచేవారేగానీ ఆ చేపల కంపుకి కాపలావాడు ఉద్యోగం మానేస్తానన్నాడు."

"పక్కటెముక, ఒకటి. కనుబొమ్మ మీద ఆ మచ్చ?"

"ముల్లంగి."

"టర్నిప్పు దుంపరా. ముల్లంగి అంటే తేలిగ్గా పోతుంది. ముప్పై అయిదు ఎన్నికల్లో వేదిక మీదకి విసిరారు నాయనా. విసిరింది ఎవరనుకున్నావ్? మా పిన్ని కొడుకు."

"మనవాడి గురి బాగుందని నేను అప్పుడే అన్నాను."

"నెత్తురు కారుతూంటే అన్నాడు. ఆ సాయంత్రం ఆ పిన్ని కొడుకే వచ్చి ఓటు వేసి వెళ్ళాడు. అందరి ముందూ పేరు పిలిచి, గొంతెత్తి చెప్పాలి కదా ఓటు ఎవరికో? తల దించుకుని చెప్పాడు, రింటౌల్‌కి అని."

"ఊపిరితిత్తుల జబ్బు ఏదైనా?"

"పడిశం."

"న్యుమోనియా! చచ్చి బతికాడు. గెలిచాడు కదా, లండన్ ప్రయాణం. రొట్టె మీద పన్ను తీసెయ్యమని జనం అర్జీ ఇచ్చారు, పంతొమ్మిది వేల సంతకాలు, పెద్ద చుట్ట. గుర్రపు బండిలో లోపల ఒకటే చోటుంది, పైన ఒక చోటుంది. వాన. ఎవరు లోపల కూర్చున్నారంటావ్?"

"అర్జీనా?"

"అర్జీయే! దాన్ని లోపల మెత్తటి సీటు మీద పడుకోబెట్టి, దుప్పటి కప్పి, వీడు పైన కూర్చున్నాడు. రెండు రోజులు!"

"సిరా తడిస్తే సంతకాలు పోతాయే అక్కా. నేను తడిస్తే ఏం పోతుంది?"

"ప్రాణం పోతుందిరా వెధవా. నాలుగు వారాలు మంచంలో ఉన్నాడు. లేచి పార్లమెంటుకి వెళ్తే ఆ పన్ను మీద నాలుగు గంటలు మాట్లాడనిచ్చారు."

"ఏం జరిగిందండీ?"

"ఓడిపోయాను. మళ్ళీ మాట్లాడాను, మళ్ళీ ఓడిపోయాను. ముప్పై ఏడులో సీటే ఓడిపోయాను, తొమ్మిది ఓట్లతో. నలభై ఒకటిలో మళ్ళీ వెళ్ళాను. నిరుడు ఆ పన్ను తీసేశారు. ఆ రోజు ఏ మహానుభావుడూ నా పేరు తలవలేదనుకో."

"రొట్టెలు కాల్చే జెస్సీ తలిచింది. మర్నాడు ఇంటికి రొట్టె పంపింది, పైన పిండితో ఆర్ అని అక్షరం పెట్టి."

"అది మాడిపోయింది."

"మాడినా మొత్తం తిన్నావ్."

"ఇప్పుడు... కుటుంబం. తల్లిగారు?"

"అమ్మ డెబ్భై ఒకటి. ముసలితనం."

"తండ్రిగారు?"

"నాన్న... నాన్న యాభై ఏడు. కొట్లో కూర్చుని జీను కుడుతూ, సూది చేతిలో ఉండగానే ఒరిగిపోయాడు. గుండె అన్నారు."

"ఆయన తోబుట్టువులు?"

"పెద్దనాన్నా అంతే. గుండె. ఇదంతా రాయాలా నాయనా?"

"రాయాలమ్మా."

"అదేవిటి అక్కా, నోరు తగ్గింది? ఇందాకటి నించీ దుంపలూ పీపాలూ అంటూ వాయిస్తున్నావుగా. డాక్టరూ, నీకు తెలుసా, ఈ సంఘం పెట్టిన రోజున కూడా అక్కే గెలిపించింది."

"మా అమ్మ చెప్పేది. నాకు సగమే గుర్తు."

"ఇరవై ఎనిమిది తుఫానులో ఏడు పడవలు పోయాయి. విధవలు పట్నంలోని బీమా కంపెనీకి వెళ్తే గుమాస్తా నవ్వాడు. వాళ్ళు పెద్దమనుషులకే గానీ పడవవాళ్ళకి చెయ్యరట, వాటాదార్లకి లాభం ఉండదట. సరే, వాటాదార్లే లేకపోతే? మనకి మనమే. తలా కాస్త వేసుకుందాం, పోయినవాడి ఇంటికి ఇద్దాం, మిగిలితే మళ్ళీ మనదే. ఇంత చిన్న మాట! చర్చి గదిలో మీటింగు పెడితే పాస్టరుగారు లేచారు. 'ప్రాణానికి బీమా ఏమిటి? మీకు దేవుడి మీద నమ్మకం లేదా?' అన్నారు. గది చల్లబడిపోయింది. ఒక్కడు సంతకం పెడితే ఒట్టు. నాకూ నోట మాట రాలేదు."

"వీడికి నోట మాట రాకపోవడం నేను చూసింది ఆ రోజే."

"అప్పుడు వెనక బల్ల మీంచి ఈవిడ లేచింది. ఆడవాళ్ళు మాట్లాడకూడదు అక్కడ. లేచి ఏమందో నువ్వే చెప్పు అక్కా."

"ఏం లేదు. 'పాస్టరుగారూ, మీలో ఎవరన్నా పోతే మీ విధవలకి ఇవ్వడానికి మీ చర్చికి ఒక నిధి ఉంది కదా, ఎనభై అయిదేళ్ళ నించీ. ఆ నిధి పెట్టినప్పుడు దేవుడు ఊళ్ళో లేడా?' అన్నాను."

"అయిపోయింది! పాస్టరుగారు కూర్చున్నారు. మొదట సంతకం పెట్టింది ఆయనే. మూడోవాడు మీ నాన్న, పీటర్ టార్విట్. చేతికి తారు. కాగితం మీద వేలిముద్ర కూడా పడింది, ఇప్పటికీ ఉంది కింద పెట్టెలో."

"చూశానండీ. మొదటివారం ఉద్యోగంలో చేరగానే చూశాను. రెండేళ్ళకి నాన్న పడవ తిరిగి రాలేదు. నాకప్పుడు ఎనిమిది. అమ్మ నన్ను బడి మానిపించలేదు. ఎందుకు మానిపించలేదో మీకు తెలుసు."

"మాకు తెలియదు. మీ నాన్న సొమ్ము మీ అమ్మకి వచ్చింది, అంతే. దాన్ని నా ఘనత చెయ్యకు, నాకు కోపమొస్తుంది. ఇక చెయ్యి చూస్తావా, నాలిక చూస్తావా?"

"చొక్కా గుండీలు విప్పండి."

"ఇదేవిటి, బూర?"

"దీంతో గుండె వింటానండీ. ఒక చివర మీ గుండె మీద, ఒక చివర నా చెవి దగ్గర."

"అయితే సుఖపడ్డాను. ఇన్నాళ్ళకి ఒకడు నేను చెప్పేది చెవి పెట్టి వింటున్నాడు. పార్లమెంటులో ఇలాంటివి ఆరు వందలు కొనిపిస్తే..."

"మాట్లాడకండి."

"కాదు, నేననేది..."

"మాట్లాడకండి రింటౌల్ గారూ."

"ఎంత ప్రశాంతంగా ఉంది! నాయనా, ఆ బూర ఇంటికి ఒకటి ఇస్తావా?"

"ఊపిరి తీసుకోండి. వదలండి. ఇంకోసారి. ఇటు తిరగండి."

"ఏం నాయనా, ఇంతసేపు వింటున్నావ్?"

"ఏం లేదమ్మా. ఇంకోసారి. ఊఁ. చాలండీ."

"చాలా? హమ్మయ్య. నేను పక్క గదిలోకి వెళ్ళి చొక్కా వేసుకొస్తాను. నువ్వు కూర్చో అక్కా, కుటుంబం సంగతులు ఇంకా ఏవో అడగాలన్నాడు."

"అడిగేశాడుగా!"

"ఇంకా ఉన్నాయి. ఉన్నాయి కదా డాక్టరూ?"

"...ఉన్నాయండీ."

"అదీ. తొందరేం లేదు, నెమ్మదిగా అడుగు. తలుపు వేసి వెళ్తున్నా."

"ఏం మిగిలింది నాయనా? మా ముత్తాత ఎలా పోయాడనా? గుర్రం తన్నింది."

"గ్రిజెలమ్మా, కూర్చోండి."

"కూర్చునే ఉన్నాను."

"అవును. అవునవును."

"ఆ కలం కింద పెట్టు. పెట్టి చెప్పు."

"గుండె బాగాలేదమ్మా."

"ఎంత బాగాలేదు?"

"లోపల నెత్తురు వెళ్ళే చోట చిన్న తలుపు లాంటిది ఉంటుంది. అది సరిగ్గా మూసుకోవడం లేదు. వెళ్ళిన నెత్తురు వెనక్కి వస్తోంది."

"పడవకి పగులు వచ్చినట్టా?"

"అలాంటిదే."

"నీళ్ళు తోడుకుంటూ నడపచ్చుగా."

"నడపచ్చు. కొన్నాళ్ళు."

"ఎన్నాళ్ళు? మీ అమ్మకి చెప్పినట్టు చెప్పు, చుట్టూ తిప్పకు."

"చలికాలం దాటితే అదృష్టం అనుకోవాలి."

"ఓహో."

"నీళ్ళు తాగుతారా?"

"వద్దు. ఎన్నికలకి నుంచోవచ్చా?"

"నుంచోవచ్చు. మెట్లు ఎక్కకూడదు, అరవకూడదు."

"అరవకుండా ఎన్నికలా! పోన్లే. పక్క ఊరి గోర్డన్ చేత అరిపిద్దాం. వాడి గొంతు వీడి గొంతు కన్నా పెద్దది, అర్థమే ఉండదు గానీ."

"గ్రిజెలమ్మా, ఒక మాట అంటాను, కోప్పడకండి."

"అనకముందే కోపమొస్తోంది. అను."

"ఈ కాగితం మీద ఆరోగ్యవంతుడు అని నేను రాస్తే ఇక్కడ ఎవరూ అడగరు. కింద పుస్తకంలో ఎక్కించేస్తారు. రేపు... రేపు ఏదైనా అయితే మీకు ఇబ్బంది ఉండదు. కొట్టు లేదు, ఇల్లు మీది కాదు. అరవై మూడేళ్ళ వయసులో మీరెక్కడికి వెళ్తారు? మా ఇంటికి ఆ రోజు సాయం రాకపోతే నేను ఈ కుర్చీలో ఉండేవాణ్ణా?"

"అయిందా?"

"అయిందమ్మా."

"బండి తోలే విలియం బెగ్ గుర్తున్నాడా? నీ ముందు పనిచేసిన డాక్టరు, ఊపిరితిత్తులు బాగాలేవని వాణ్ణి సంఘంలో చేర్చుకోవద్దన్నాడు. ఆ మాట చెప్పడానికి గుమాస్తాని పంపలేదు గిబ్. తనే వెళ్ళాడు. నన్నూ తీసుకెళ్ళాడు. బెగ్ పెళ్ళాం వీడి మొహం మీద తలుపు వేసేసింది. వేసిన తలుపు ముందు నుంచుని చెప్పాడు. 'అమ్మా, నాదైతే ఇచ్చేసేవాణ్ణి. నాలుగు వేలమంది ఒకళ్ళనొకళ్ళు నమ్ముకుని వేసుకున్నది. నాది కాదు' అని. తలుపు తియ్యలేదు ఆవిడ. విలియం ఆ శీతాకాలమే పోయాడు. ఆవిడ ఇప్పుడు రేవులో చేపల బుట్ట మోస్తోంది. ప్రతి ఆదివారం చర్చిలో నా ముందు బల్ల మీదే కూర్చుంటుంది నాయనా. ఆవిడ వీపు చూస్తూ నేను కీర్తన పాడాలి."

"నేను మీకోసం అన్నాను."

"తెలుసు. మంచివాడివి. రాయి, ఉన్నదున్నట్టు రాయి. నాకేం, సూది పని వచ్చు, నాన్న నేర్పాడు. ఈ రేవులో తెరచాపలు చిరగడం ఎప్పుడన్నా ఆగిందా?"

"రాశానమ్మా."

"చదువు."

"గుండె జబ్బు. చేర్చుకోదగడు."

"చేర్చుకోదగరు అని రాయి. పార్లమెంటు సభ్యుడు."

"దిద్దాను."

"ఇక విను. వాడికి మాత్రం చెప్పకు."

"అమ్మా..."

"చెప్పకు. పైకి అలా గంతులేస్తాడు గానీ లోపల ఉత్త పిరికివాడు. అమ్మ పోయిన రోజు కొట్టు తలుపు వేసుకుని మూడు రోజులు బయటికి రాలేదు. జీను కుట్టాడు, ఎవరికో తెలుసా? గుర్రం లేని వాడికి! వీడికి ఇది చెబితే తట్టుకోలేడు. ఎన్నికలు కానీ. సమయం చూసి, నెమ్మదిగా, నేనే చెబుతాను."

"మీకొక సంగతి చెప్పాలి గ్రిజెలమ్మా. ఆయన..."

"ఒక్క పూటకి ఒక్క సంగతి చాలు. నా కళ్ళు ఎర్రబడ్డాయా?"

"కొంచెం."

"కిటికీ తెరువు. చేపలు కాల్చే పొగ పడిందంటాను. ఏం, నవ్వు మొహం పెట్టు. నువ్వు ఏడుపు మొహం పెడితే వాడు పసిగడతాడు. ఇంకొంచెం నవ్వు. ఆఁ, చాలు. గిబ్! ఒరేయ్ గిబ్! చొక్కా తొడుక్కోడానికి ఇంతసేపా?"

"కోలిన్, అక్కకి చెప్పేశావా? లోపలికి రానా? మంగళవారం నాకు రెండు ముక్కల్లో చెప్పేశావు కదయ్యా, అక్కకి చెప్పడానికి ఇంతసేపేమిటి? నా నోట రాకనే కదా నీకు అప్పగించింది!"